పట్టపగలు లైటు ఎందుకు?

మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ కాస్తున్నది. రోడ్డు మీద ఒక మోటారు సైకిలు వస్తున్నది. దాని ముందు లైటు వెలుగుతూ ఉన్నది.

ఇది చూసి చాలామంది ఊరుకోరు. "ఓ అబ్బాయ్! లైటు వెలుగుతోంది, ఆపుకో" అని కేక వేస్తారు. ఎదురుగా వచ్చేవాళ్ళు చేతివేళ్ళు ముడిచి తెరిచి సైగ చేస్తారు. మంచి మనసుతోనే చెబుతారు. పగటి పూట దీపం దండగ అని మన ఇళ్ళలో పెద్దలు నేర్పిన మాట. నూనె అయినా, కరెంటు అయినా ఊరికే ఖర్చు కాకూడదు కదా!

కాని ఆ లైటు మరిచిపోయి వదిలేసింది కాదు. బండి తయారు చేసినప్పుడే అలా పెట్టారు. ఇంజను ఆడుతున్నంతసేపు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎందుకు? దాని వల్ల లాభం ఏమిటి? నష్టం ఏమైనా ఉందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దీపానికి రెండు పనులు

దీపం పెడితే మనకు దారి కనపడుతుంది. ఇది మొదటి పని. ఇది అందరికీ తెలిసిందే.

రెండో పని ఇంకొకటి ఉంది. దీపం ఉంటే మనం ఇతరులకు కనపడతాం.

పాత రోజుల్లో రాత్రి పూట ఎడ్ల బండి కింద లాంతరు వేలాడదీసేవారు. ఆ లాంతరు వెలుగు రోడ్డంతా పడదు. ఎడ్లకు దారి చూపటానికి అది చాలదు. మరి ఎందుకు కట్టేవారు? వెనక నుంచి వచ్చే లారీవాడికి "ఇక్కడ బండి ఉంది" అని తెలియాలి. అందుకు.

లారీలో ఇనుప ఊచలు వేసుకుని పోతుంటారు. ఊచలు వెనక్కి పొడుచుకు వచ్చి ఉంటాయి. వాటి చివర ఎర్రగుడ్డ కడతారు. అది పగలే కడతారు. ఆ ఎర్రగుడ్డ కూడా అదే చెబుతుంది: "నన్ను చూడు, జాగ్రత్త!"

పగలు వెలిగే బండి లైటు ఆ లాంతరు లాంటిదే, ఆ ఎర్రగుడ్డ లాంటిదే. అది నడిపేవాడి కంటి కోసం కాదు. ఎదుటివాడి కంటి కోసం.

పగలు కూడా కనపడదా?

"పగలు అన్నీ కనపడుతూనే ఉంటాయి కదా!" అని మీరు అనవచ్చు. అన్నివేళలా కనపడవు.

రోడ్డు పక్క పెద్ద పెద్ద చింతచెట్లు ఉంటాయి. ఎండలో నుంచి వచ్చిన డ్రైవరుకు ఆ నీడ చీకటిగా అనిపిస్తుంది. నీడలో వస్తున్న నల్లని మోటారు సైకిలు అతనికి వెంటనే ఆనదు.

ఎండాకాలంలో తారు రోడ్డు దూరానికి నీళ్ళు నిలిచినట్టు మెరుస్తుంది. అది ఎండమావి. ఆ మెరుపులో చిన్న బండి కలిసిపోతుంది.

తెల్లవారుజామున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉంటాడు. ఎండ డ్రైవరు కళ్ళలోకి కొడుతుంది. చలికాలంలో మంచు కమ్ముతుంది. వానాకాలంలో జల్లు అడ్డం పడుతుంది. మట్టి రోడ్ల మీద దుమ్ము లేస్తుంది.

ఇంకొక సంగతి. బస్సు, లారీ పెద్దవి. దూరానికే తెలుస్తాయి. మోటారు సైకిలు ముందు వైపు నుంచి చూస్తే సన్నగా ఉంటుంది. అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయటం కష్టం. మలుపు తిరగబోయే లారీ డ్రైవరు అటు చూస్తాడు. కంటికి బండి ఆనదు. "రోడ్డు ఖాళీ" అనుకుని తిప్పేస్తాడు. అక్కడే ప్రమాదం జరుగుతుంది.

మన కన్ను వెలుగును తొందరగా పట్టుకుంటుంది. చూపు ఇంకోచోట ఉన్నా సరే, పక్కన ఒక దీపం మెరిస్తే కన్ను అటు తిరుగుతుంది. అందుకే లైటు వేసిన బండి, వేయని బండి కంటే ముందుగా కనపడుతుంది.

ఒక లెక్క చూద్దాం

ఒక బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. గంటకు 60 నిమిషాలు. అంటే నిమిషానికి 1 కిలోమీటరు, అంటే 1000 మీటర్లు. నిమిషానికి 60 సెకన్లు. 1000ని 60తో భాగించండి. సుమారు 17 వస్తుంది. అంటే ఒక్క సెకనులో బండి 17 మీటర్లు పోతుంది. మూడు చీరలు వరసగా పరిస్తే ఎంత పొడవో అంత!

ఎదురుగా ఇంకో బండి కూడా అదే వేగంతో వస్తోంది అనుకుందాం. అప్పుడు రెండు బండ్ల మధ్య దూరం సెకనుకు సుమారు 33 మీటర్లు తగ్గిపోతుంది. ఎదుటి బండి 200 మీటర్ల దూరంలో కనపడితే, చేతిలో ఉండేది 6 సెకన్లే. 400 మీటర్ల దూరంలోనే కనపడితే 12 సెకన్లు ఉంటాయి.

ముందున్న లారీని దాటాలా, ఆగాలా అని డ్రైవరు తేల్చుకోవాలి. బ్రేకు వేయాలి. బండి నిలబడాలి. దీనికంతా 6 సెకన్లు ఎక్కడ? 12 సెకన్లు ఎక్కడ? లైటు ఇచ్చేది ఆ ఎక్కువ ఆరు సెకన్లు. ఆ కాస్త సమయంలోనే ప్రాణం ఉంది.

ఆటోలో మాటలు

పల్నాడు వైపు ఒక ఊరు. మిరపకాయ కోతల కాలం. పొద్దున్నే కూలికి పోయే ఆడవాళ్ళు ఆటో ఎక్కారు. ఏడు గంటలు కావస్తున్నా మంచు విడలేదు. ఆటో మెయిన్ రోడ్డు ఎక్కింది. లైటు వేయలేదు. అంతలో మంచులో నుంచి ఒక లారీ ఒక్కసారిగా ముందుకు వచ్చింది. ఆటో అబ్బాయి పక్కకు కోసి, ఆటోను రోడ్డు అంచున ఆపాడు. ఎవరికీ దెబ్బలు తగలలేదు. అందరి గుండెలూ దడదడలాడాయి.

"ఏంది అబ్బాయ్! వాడికి మనం కనపడలా?" అన్నది ముసలి పెద్దమ్మ.

"కనపడితే అట్టా వస్తాడా పెద్దమ్మా!" అన్నాడు ఆటో అబ్బాయి.

"మరి లైటు వేసుకోవచ్చుగా తమ్ముడూ?" అని అడిగింది డ్వాక్రా సంఘం లీడరు.

"తెల్లారింది కదక్కా! పగలు లైటు వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. డీజిలు కూడా ఎక్కువ తాగుతుంది."

"ఇంజను ఆడేటప్పుడు బ్యాటరీ చార్జి అవుతూనే ఉంటుందిగా మామా!" అన్నది ఒక చిన్న కోడలు. ఆమె అన్న మెకానిక్కు. "ఇంజను ఆపి లైటు వదిలేస్తే దిగుతుంది. ఆపేటప్పుడు లైటు కూడా ఆపుకో. సరిపోతుంది."

ఆటో అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "అయినా డీజిలు ఖర్చు ఉంటుందిగా!" అన్నాడు.

"ఉంటుంది. కాదనటం లేదు" అన్నది లీడరు. "కొంచెం ఖర్చే. మా అందరి ప్రాణాల కంటే ఎక్కువా?"

"పగలు లైటు వేస్తే అందరూ నవ్వుతారక్కా. 'లైటు ఆపరా' అని కేకలు వేస్తారు. పైగా ఆటోకి రూలు కూడా లేదు."

"నవ్వేవాళ్ళు మన ఇంటికొచ్చి ఏడవరు" అన్నది పెద్దమ్మ. "రూలు లేకపోతే మంచిపని చేయకూడదా?"

అబ్బాయి లైటు వేశాడు. తర్వాత ఒక మాట అన్నాడు. "అక్కా, నిజం చెప్తున్నా. లైటు ఒక్కటీ వేస్తే చాలదు. ఈ ఆటోలో మీరు పద్నాలుగు మంది ఉన్నారు. ఇందాక నేను పక్కకు కోసినప్పుడు బండి ఒరిగింది. తిరగబడితే ఎవరు దిక్కు?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట నిజమే. ఆటో కిరాయి ఇచ్చేది కూలి మేస్త్రి. ఒక్క ఆటోకే ఇస్తాడు. తక్కువమందిని ఎక్కించుకుంటే ఆటో అబ్బాయికి గిట్టదు. రెండో ఆటో పెడితే మేస్త్రికి గిట్టదు. ఎవరి లెక్క వాళ్ళకు ఉంది. ప్రాణాలు మాత్రం వెనక కూర్చున్న ఆడవాళ్ళవి.

ఆ వారం సంఘం మీటింగులో ఈ సంగతి మాట్లాడుకున్నారు. రెండు నిర్ణయాలు తీసుకున్నారు. ఒకటి: మంచులో, వానలో, మెయిన్ రోడ్డు మీద లైటు వేయని ఆటో ఎక్కకూడదు. రెండు: రెండు ఆటోలు పెట్టమని అందరూ కలిసి మేస్త్రిని అడగాలి. మొదటి మాటకు ఆటోవాళ్ళు ఒప్పుకున్నారు. రెండో మాటకు మేస్త్రి "చూద్దాం" అన్నాడు. ఆడవాళ్ళు వదలలేదు. ఇంకా అడుగుతూనే ఉన్నారు.

వేరే దేశాల్లో ఏం చేశారు?

పగలు లైటు వేయాలనే ఆలోచన చలిదేశాల్లో మొదలైంది. అక్కడ చలికాలంలో పగలు కూడా మసకగా ఉంటుంది. ఫిన్లాండు దేశంలో 1972లో చలికాలంలో ఊళ్ళ బయటి రోడ్ల మీద లైటు వేయాలని నియమం పెట్టారు. స్వీడన్ దేశంలో 1977 నుంచి ఏడాది పొడుగునా పగలు కూడా లైటు వేయాలన్నారు. డెన్మార్కులో 1990లో ఈ నియమం వచ్చింది. కెనడాలో 1989 డిసెంబరు నుంచి తయారయ్యే కొత్త కార్లకు పగటి లైట్లు ఉండాలన్నారు. యూరప్ యూనియన్ దేశాల్లో 2011 నుంచి కొత్త రకం కార్లకు పగటి లైట్లు తప్పనిసరి చేశారు.

"అవి చలిదేశాలు. మనది ఎండల దేశం. మనకెందుకు?" అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి మలేషియా దేశం జవాబు చెబుతుంది. మలేషియా కూడా ఎండ, వాన ఎక్కువగా ఉండే దేశం. తెలుగువాళ్ళు కూడా అక్కడ చాలా కాలంగా ఉంటున్నారు. అక్కడా మన దగ్గర లాగే మోటారు సైకిళ్ళు ఎక్కువ. 1992లో మోటారు సైకిళ్ళు పగలు లైటు వేసుకోవాలని ఆ దేశం నియమం పెట్టింది. తర్వాత సెరెంబన్, షా ఆలం అనే రెండు పట్టణాల్లో లెక్కలు తీశారు. బండి సరిగా కనపడకపోవటం వల్ల జరిగే మోటారు సైకిలు ప్రమాదాలు 100కి 29 వంతున తగ్గాయని తేలింది.

కాదనేవాళ్ళు ఏమంటారు?

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ళ మాట కూడా వినాలి.

ఆస్ట్రియా దేశంలో 2005 నవంబరులో అన్ని బండ్లూ పగలు లైటు వేయాలన్నారు. మళ్ళీ 2008 జనవరి నుంచి ఆ నియమం తీసేశారు. ఎందుకు? కార్లు, లారీలు అన్నీ లైట్లు వేస్తే డ్రైవర్ల కళ్ళన్నీ ఆ లైట్ల మీదే ఉంటాయి. లైటు లేనివాళ్ళు మరుగున పడిపోతారు. వాళ్ళెవరు? నడిచి వెళ్ళేవాళ్ళు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు. రోడ్డు దాటే పిల్లలు. అందరిలో మోటారు సైకిలు కూడా ప్రత్యేకంగా కనపడదు. ఈ భయంతో వద్దన్నారు. డీజిలు, పెట్రోలు ఖర్చు గురించి కూడా మాట వచ్చింది.

ఇది ఆలోచించదగిన మాట. మన రోడ్ల మీద నడిచేవాళ్ళు ఎక్కువ. మేకలు తోలుకుపోయేవాళ్ళు, గడ్డిమోపు మోసుకుపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళ నెత్తి మీద లైటు ఉండదు.

మరి ఏది సరి? చిన్న బండికి లైటు మేలు చేస్తుంది. ఈ మాట గట్టిగానే చెప్పవచ్చు. పెద్ద బండ్ల విషయంలో లాభం ఎంత అనే దాని మీద లెక్కలు ఒక్కలా లేవు. మంచు, వాన, మసక ఉన్నప్పుడు మాత్రం ఏ బండి అయినా లైటు వేయటమే మంచిది. అప్పుడు లైటు వేయకపోవటం అందరికీ ముప్పే.

మన దేశంలో

మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక నియమం వచ్చింది. అప్పటి నుంచి అమ్మే కొత్త మోటారు సైకిళ్ళకు, స్కూటర్లకు లైటు ఆపే స్విచ్చి ఉండదు. బండి స్టార్టు చేస్తే లైటు దానంతట అదే వెలుగుతుంది. ఈ నియమం ద్విచక్ర వాహనాలకే. ద్విచక్ర వాహనం అంటే రెండు చక్రాల బండి.

ఈ నియమం ఎందుకు అవసరమైంది? 2022 సంవత్సరం లెక్క చూడండి. ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. వాళ్ళలో 100కి 44 మంది రెండు చక్రాల బండ్ల మీద వెళ్తున్నవాళ్ళు. 100కి 19 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. కారులో వెళ్ళేవాళ్ళ కంటే ఇలాంటివాళ్ళే ఎక్కువగా పోతున్నారు.

ఈ చావులన్నీ బండి కనపడక జరిగినవి కావు. అతివేగం అన్నిటికంటే పెద్ద కారణం. తాగి నడపటం ఒక కారణం. తప్పు దారిలో ఎదురు రావటం ఒక కారణం. లైటు వీటన్నిటికీ మందు కాదు. "లైటు ఉంది కదా" అని వేగం పెంచితే లైటు కాపాడదు.

కొంతమంది కుర్రవాళ్ళు మెకానిక్కు దగ్గరకు పోయి లైటు వైరు తీయిస్తారు. లేకపోతే విడిగా స్విచ్చి పెట్టిస్తారు. "బ్యాటరీ మిగులుతుంది" అంటారు. ఆ పని చేయనివ్వకండి. ఇంట్లో కొడుకు, భర్త, తమ్ముడు ఎవరైనా సరే, గట్టిగా చెప్పండి.

మనం ఏం చేయవచ్చు?

పగలు లైటుతో వెళ్ళే బండిని చూసి "ఆపుకో" అని కేక వేయవద్దు. వెలగని బండిని చూసి "మీ లైటు వెలగటం లేదు" అని చెప్పండి.

పగలైనా, రాత్రైనా ఎదుటివాడి కళ్ళలోకి కొట్టే పెద్ద లైటు వేయకూడదు. కిందికి పడే డిమ్ము లైటు చాలు.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపు నడవండి. అప్పుడు మీ వైపున వచ్చే బండి మీకు ఎదురుగా వస్తుంది. మీరు దాన్ని చూడగలరు. తప్పుకోగలరు.

తెల్లవారుజామున, మసక వేళలో ముదురు రంగు చీర కడితే కనపడరు. తెల్లని తువ్వాలు గాని, లేత రంగు గుడ్డ గాని పైన వేసుకోండి.

ట్రాక్టరు ట్రక్కులకు, ఎడ్ల బండ్లకు, సైకిళ్ళకు వెనక రేడియం స్టిక్కర్లు అతికించండి. లైటు పడగానే అవి మెరుస్తాయి. కొద్ది డబ్బులతో అయ్యే పని.

రోడ్డు మీద వడ్లు, మిరపకాయలు ఆరబోయటం ప్రమాదం. తప్పని పరిస్థితి వస్తే చుట్టూ పెట్టిన రాళ్ళను పొద్దుకూకకముందే తీసేయండి. చీకట్లో ఆ రాయి ఒక ప్రాణం తీయగలదు.

మోటారు సైకిలు మీద వెనక కూర్చునేవాళ్ళు కూడా హెల్మెట్టు పెట్టుకోవాలి. ఆడవాళ్ళు కూడా. కొంగు, చున్నీ చక్రంలో పడకుండా చుట్టుకోవాలి.

ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి. భయపడి పక్కకు తప్పుకోవద్దు. దెబ్బ తగిలినవాళ్ళకు సాయం చేసినవాళ్ళను కేసుల పేరుతో ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు రాశారు.

చదవండి, రాయండి

ఈ మాటలు పైకి చదవండి: ఎండమావి, ద్విచక్ర వాహనం, నియమం, ప్రమాదం, అతివేగం, నిర్ణయం, లాంతరు, సెకను.

ఖాళీలు పూరించండి:
1. పగటి పూట బండి లైటు ............ కంటి కోసం.
2. రెండు చక్రాల బండ్లకు లైటు నియమం ............ సంవత్సరంలో వచ్చింది.
3. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ............ వైపు నడవాలి.

లెక్క చేయండి:
ఒక ఆటో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. నిమిషానికి ఎన్ని మీటర్లు పోతుంది? సెకనుకు సుమారు ఎన్ని మీటర్లు?

అందరూ కలిసి మాట్లాడుకోండి:
1. మీ ఊరి రోడ్డు మీద బండ్లు సరిగా కనపడని చోట్లు ఏవి? మలుపులా? చెట్ల నీడలా? వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి పంచాయతీలో ఇవ్వండి.
2. మీరు ఎక్కే ఆటోలో ఎంతమంది ఎక్కుతున్నారు? ఎంతమంది ఎక్కాలి? ఎక్కువమందిని ఎక్కించకుండా ఉండాలంటే ఎవరిని అడగాలి?
3. ఆస్ట్రియా దేశం ఎందుకు వద్దన్నది? వాళ్ళ మాటలో మీకు ఏది సరి అనిపించింది? ఏది సరి కాదనిపించింది?